ఖాలా అయిదు డబ్బాలు

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. కిరాయికి ఉండి చూడు అని ఎందుకు అనలేదో నాకు తెలియదు. ఆ మాట అన్న పెద్దలకు సొంత ఇళ్లుండేవేమో. నేను పెళ్లి చేసుకుని చూశాను, అది నిలవలేదు. ఇల్లు కట్టే స్తోమత ఎప్పుడూ లేదు. ఇక మిగిలింది కిరాయికి ఉండడమే. దాని గురించి మాత్రం ఎవరడిగినా నాలుగు మాటలు చెప్పగలను.

సాతంరాయిలో, హైవే దిగి లోపలికి వెళ్తే మూడో గల్లీలో మా ఇల్లు. పైన రెండు గదుల్లో నేనూ, అయిదో తరగతి చదివే నా కూతురూ. కింద ఇంటి ఓనరావిడ. డెబ్బై దాటిన ఆ ముసలావిడను గల్లీలో హిందువులూ ముసల్మానులూ అందరూ ఖాలా అనే పిలుస్తారు. పిన్ని వరస అన్నమాట. నా ఉద్యోగం ఎయిర్‌పోర్టు దగ్గర, విమానాల్లో పెట్టే భోజనాలు తయారుచేసే వంటశాలలో. ట్రేలో రొట్టె ఏ మూల ఉండాలి, పెరుగు కప్పు ఏ మూల ఉండాలి, చెంచా మరిచారా అని చూసే సూపర్‌వైజర్ని. మొదటి షిఫ్టు తెల్లవారకముందే మొదలవుతుంది కాబట్టి, దగ్గర్లో కాపురం ఉండేవాళ్లకు కంపెనీ ఇంటి అలవెన్సు ఇస్తుంది. నెలకు ఎనిమిది వేలు. ఆ ఎనిమిది వేల మీదే నా రెండు గదులూ నిలబడి ఉన్నాయి.

అంతకు ముందు రెండేళ్లు జల్‌పల్లిలో మా అన్న ఇంట్లో ఉన్నాం. మా అన్న చెడ్డవాడు కాదు, వదిన అసలే కాదు. అయినా హాల్లో టీవీ కట్టేస్తేగాని మాకు పక్క పడేది కాదు. నా కూతురు ఫ్రిజ్ తీయాలంటే ముందు వదిన ముఖం చూసేది, తర్వాత నా ముఖం చూసేది, ఆ తర్వాత చెయ్యి వేసేది. ఎవరూ దానికి అలా నేర్పలేదు. అదే నేర్చుకుంది.

అందుకే ఇల్లు వెతకడం మొదలుపెట్టాను. శంషాబాద్‌లో ఏడిళ్లు చూశాను. ఏడిళ్లలోనూ మొదటి ప్రశ్న "మీ ఆయన ఏం చేస్తడు?" అనే. ఆ ప్రశ్నకు నా జవాబు విన్నాక, అప్పటిదాకా ఖాళీగా ఉన్న ఇల్లు ఎవరో బంధువుల కోసం ఉంచినట్టు వాళ్లకు గుర్తొచ్చేది. ఎనిమిదోది ఖాలా ఇల్లు. ఆమె నన్ను ఎగాదిగా చూసి, "నీళ్లు ఎక్కువ వాడతవా?" అంది.

"ఇద్దరమే గద ఖాలా," అన్నాను.

"అయితే ఎక్కు," అని మెట్లు చూపించింది. నాకు అప్పుడే నచ్చేసింది.

నచ్చని సంగతి ఒకటో తారీఖున తెలిసింది. ఎనిమిదిన్నర వేలు చేతిలో పెట్టబోతే ఖాలా చెయ్యి వెనక్కి తీసుకుంది. చాప మీద అయిదు డబ్బాలు వరసగా పెట్టి ఉన్నాయి. మూత వంకరపోయిన బిస్కెట్ల డబ్బా ఇంటి కిరాయికి. నెయ్యి డబ్బా నీళ్ల పైసలకు. మిగతా మూడింట్లో ఒకటి మెట్ల పైసలకు, ఒకటి గేటు పైసలకు, ఒకటి బట్టలారేసుకునే మిద్దె పైసలకు. దేనిది దానిలో నా చేత్తోనే వెయ్యాలి. బిస్కెట్ల డబ్బాలో పడేది రెండున్నర వేలే, మిగతా ఆరు వేలూ ఆ నాలుగింటికి. కరెంటు మీటరు చూసి నేనే కట్టుకునేదాన్ని, దాని గొడవ వేరు. హుండీల ముందు మోకరిల్లినట్టు నెలనెలా ఆ చాప మీద కూర్చుని డబ్బాలు నింపేదాన్ని. ముసలితనం, చాదస్తం అనుకుని నవ్వుకునేదాన్ని. నవ్విన నాపచేనే పండుతుందంటారు. నా విషయంలో ముందు నన్ను ఏడిపించి, తర్వాత పండింది.

మూడో ఏడు కంపెనీ కొత్త నియమం పెట్టింది. ఇకపై అందరికీ ఒకే అలవెన్సు కాదు. ఇంటి ఓనరు ఇచ్చిన రసీదులో అద్దె అని ఎంత ఉంటే అంత ఇస్తారు, ఎనిమిది వేలకు మించకుండా. నాకేం భయం అనుకున్నాను. శంషాబాద్ బజారులో రసీదు పుస్తకం కొన్నాను. "అద్దె ఎనిమిది వేల అయిదు వందలు ముట్టినవి" అని తెలుగులో నేనే రాసి, ఖాలా ముందు పెట్టాను. ఆమెకు తెలుగు చదవడం రాదు. "నెల పైసలన్నీ ముట్టినయని రాసిన ఖాలా," అంటే, ఉర్దూలో కుడి నుంచి ఎడమకు నిదానంగా, అందంగా సంతకం చేసి ఇచ్చింది. నా కళ్ల ముందు ఆమె లెక్కబెట్టుకున్న పైసలే కాబట్టి నేను అబద్ధం రాశానని నాకు తోచనే లేదు.

వారం తర్వాత ఆఫీసు నుంచి పిలుపు వచ్చింది. అలవెన్సులు చూసే అధికారి కోస్తా వైపు మనిషి. మాట మెత్తన, చూపు సూది.

"కూర్చోండి మేడమ్. మీరిచ్చిన రసీదులో అద్దె ఎనిమిది వేల అయిదు వందలని ఉందండి. సరిచూసుకుందామని మీ ఓనరు గారికి ఫోన్ చేస్తే, ఆవిడ రెండు వేల అయిదు వందలే అంటున్నారు. మీ గురించి చాలా అభిమానంగానే మాట్లాడారు. ఇన్నేళ్లలో ఒక్క పైసా పెంచలేదని కూడా చెప్పారు."

"సార్, మిగతాది గూడ ఆమెకే ఇస్తున్న. డబ్బాలల్ల ఏస్త," అన్నాను.

"డబ్బాలేమిటండీ?"

డబ్బాల కథంతా చెప్పాల్సి వచ్చింది. మెట్ల పైసల దగ్గరికి వచ్చేసరికి పక్క టేబుల్ దగ్గర కీబోర్డు చప్పుడు ఆగిపోయింది. గేటు పైసలు అన్నప్పుడు అక్కడ కూర్చున్న పిల్ల కిసుక్కుమంది. నాకు ఒళ్లు మండింది. నా లైన్ మీద ఏళ్ల తరబడి ఒక్క ట్రే చెంచా లేకుండా పోలేదు, అలాంటిదాన్ని దొంగ రసీదు పెట్టిన మనిషిలా కూర్చోబెట్టారు.

ఆ అధికారి మాత్రం నవ్వలేదు. "చూడండి మేడమ్. కరెంటంటే మీరు వాడుకున్నంత కట్టేది, అది అద్దె కాదు. కానీ పైన ఉండే మనిషి మెట్లు లేకుండా ఇంట్లోకి వెళ్లలేదు కదా? కట్టకపోయినా ఉండనిచ్చేవైతే వాటిని పక్కన పెడతాను. మీరు చెప్పేవేవీ అలాంటివి కావు. నా దృష్టిలో అదంతా ఇల్లే. అయితే అది నేను కలపకూడదు, మీరూ కలపకూడదు. ఓనరు గారే కలపాలి. అన్నీ కలిపి అద్దె ఇంత అని ఆవిడ తన చేత్తో రాసిస్తే, ఈ నెలాఖరులోపు తెచ్చివ్వండి, ఎనిమిది వేలూ వస్తాయి. లేదంటే రెండున్నర వేలేనండి."

రెండున్నర వేలంటే మిగతా ఆరు వేలు నా జీతంలోంచి పోవాలి. అది నా కూతురి బడి ఫీజు, బియ్యం, బస్సు. వాటిలో దేన్ని వదులుకోను? ముందు నుయ్యి, వెనక జల్‌పల్లి. షిఫ్టులో ఒకాయన చెవిలో సలహా ఊదాడు, ఎవరైనా చుట్టం ఫోన్ నంబరు ఓనరుదని ఇచ్చేయమని. నేను నిజంగా ఎనిమిదిన్నర వేలు కడుతూ, కడుతున్నానని అబద్ధం ఎందుకు చెప్పాలో నాకు అర్థం కాలేదు. ఆయన మీద కూడా కోపం వచ్చింది.

ఆ కోపమంతా తీసుకెళ్లి ఖాలా ముందు కుమ్మరించాను.

"గిట్ల జేస్తివేంది ఖాలా? ఆఫీసుల నా ఇజ్జత్ పోయింది!"

"నేనేం జేసిన బేటీ? ఎవరో ఫోన్ జేసిండు, కిరాయి ఎంత అన్నడు. నిజం చెప్పిన. ఒక్క పైసా పెంచలెనని గూడ చెప్పిన."

"పెంచలేదా? మరి మెట్ల పైసలేంది? గేటు పైసలేంది? గాలి పైసల డబ్బా ఒక్కటే తక్వయింది!"

అనకూడని మాట అనేశానని ఆమె ముఖం చూడగానే తెలిసింది. ఖాలా అరవలేదు. అలమరలో ఉన్న డబ్బాల వైపు చూస్తూ, పోయిన భర్త సంగతి నెమ్మదిగా చెప్పింది.

"కిరాయి పెంచనని మా సాబ్ మాటిచ్చిండు. గీ వాకిట్లనే, నా ముందట. ఆయన పోయిండు, మాట మిగిలింది. బోరు ఎండితే లోతుకు దింపిచ్చిన. పైసలు యాడికెల్లి తేవాలె? కిరాయి పెంచరాదు గద, అందుకే నీళ్ల డబ్బా పెట్టిన. మెట్లు కూలినయి, మెట్ల డబ్బా. గేటు తుప్పువట్టింది, గేటు డబ్బా. బిస్కెట్ల డబ్బా మాత్రం ముట్టలె. ఇప్పుడు నీ ఆఫీసు కోసం కిరాయి ఎనిమిదిన్నర వేలని రాసి, పోయిన మనిషిని అబద్ధాలకోరును జేయాల్నా?"

నేను మెట్లెక్కి పైకి వచ్చేశాను. నాకు ఒక దుర్గుణం ఉంది. తప్పు నాదని తెలిసిన మరుక్షణం నా మూతి ఇంకా బిగుసుకుంటుంది. మూడు రోజులు ఖాలాతో మాట్లాడలేదు. మా అన్నకు ఫోన్ చేసి సంగతి చెప్పాను. "దానికేంది చెల్లె, వచ్చెయ్. ఆదివారం ట్రాలీ ఆటో పంపుత," అన్నాడు. ఎంత ప్రేమగా అన్నాడో, నాకు అంత గుబులేసింది.

నా కూతురు ఆ ఫోన్ విన్నది. అట్టపెట్టె ఒకటి వెతికి తెచ్చి అందులో తన పుస్తకాలు సర్దడం మొదలుపెట్టింది. సగం సర్దాక తలెత్తి, "అమ్మా, మామోళ్ల ఇంట్ల ఫ్రిజ్ తీసేటప్పుడు మళ్ల అడగాలె గదా?" అంది. మరిచిపోయిన పాఠాన్ని గుర్తుచేసుకుంటున్నట్టు మామూలుగా అంది. నేను వంటింట్లోకి వెళ్లి, కుళాయి తిప్పి, ఆ చప్పుడులో ఏడ్చాను. నీళ్లు ఎక్కువ వాడింది ఆ ఒక్క రోజే.

ముఖం కడుక్కుని కిందికి దిగాను. "ఖాలా, గాలి పైసలన్న మాట తప్పే. మాఫ్ జెయ్యి," అన్నాను. ఆమె కూర్చోమన్నట్టు చాప తట్టింది. అప్పుడు నాకు ఒక ప్రశ్న తోచింది. ఆఫీసులో అంతసేపు కూర్చున్నా తట్టనిది, ఆ చాప మీద తట్టింది.

"ఖాలా, సాబ్ గా మాట ఎవరికిచ్చిండు?"

"ఎవరికేంది, మొదటి కిరాయిదారుకు. మన మోటారు బాగుజేసేటోడే."

బోరు మోటారు చెడిపోయినప్పుడల్లా సాతంరాయి హైవే పక్కనున్న తన దుకాణం నుంచి వచ్చే ఆ మనిషి నాకు బాగా తెలుసు. ఎంత పని చేసినా ఖాలా దగ్గర రాగి తీగ ఖరీదు తప్ప కూలి తీసుకునేవాడు కాదు. బతకనేర్వని మనిషి అని నేను జాలిపడేదాన్ని కూడా.

మరునాడు షిఫ్టు దిగి నేరుగా ఆ దుకాణానికి వెళ్లాను. విప్పిన మోటార్ల మధ్య కూర్చుని తీగ చుడుతున్నాడు. అంతా చెప్పాను. డబ్బాల దగ్గర దగ్గు వచ్చేదాకా నవ్వాడు. తర్వాత చేతిలో తీగ పక్కన పెట్టాడు.

"గా మాట ఇంకా నడుస్తున్నదా చెల్లె? నేను ఇల్లు ఇడిసిననాడే తీరిందనుకున్న. ఎయిర్‌పోర్టు కడుతున్నప్పుడు నేను ఆడ వైరింగ్ పని జేసేటోన్ని. యాడయాడికెల్లో జనం వచ్చి పడ్డరు. మూడు నెలలకోసారి కిరాయి పెంచుడే. మూడిళ్లు మారినం. నా భార్య కడుపుతోని ఉండె. సాబ్ మా పరేషాన్ చూసి, ఒక్క కప్పు చాయ్ తెప్పిచ్చి, కప్పుల సగం నాకిచ్చి, సాసర్ల సగం ఆయన తాగిండు. నీకు కిరాయి పెంచను, ఇగ సామాను కట్టకు అన్నడు. గా ఇంట్లనే నాకు బిడ్డ పుట్టింది."

ఆయన మోటార్‌కు కూలి ఎందుకు తీసుకోడో అప్పుడు తెలిసింది. బతకనేర్వనిది ఎవరో కూడా తెలిసింది.

"అన్నా, గా మాట వాపస్ ఇస్తవా?" అని అడిగాను. అడగందే అమ్మయినా పెట్టదు కదా.

"ఇస్త. కని ఉత్తగ ఇయ్యను. శుక్రవారం వస్త," అన్నాడు.

శుక్రవారం మధ్యాహ్నం ఖాలా నమాజు చేసుకుని లేచేసరికి ఆయన వాకిట్లో ఉన్నాడు. ఖాలా అలవాటుగా, "మోటారు మంచిగనే ఉన్నది గదరా?" అంది.

"మోటారు కోసం రాలె ఖాలా. సాబ్ ఇచ్చిన మాట ఒకటి నా దగ్గరుండిపోయింది. నాకు సొంతిల్లయి శాన ఏండ్లాయె, ఇగ నాకెందుకు? వాపస్ తీస్కో."

ఖాలా కొంగు సర్దుకుంది. ఆమె భర్త వస్తువుల్లో ఆఖరిదాన్ని అడుగుతున్నట్టు అనిపించి, నాకు ఒక్క క్షణం ఇదంతా వద్దనిపించింది. ఆమె వంటింట్లోకి వెళ్లి చాలాసేపు రాలేదు. కోపమొచ్చిందేమో అనుకున్నాం. చివరికి ఒకే ఒక్క కప్పు చాయ్ తెచ్చింది, కింద సాసర్. సాసర్లో సగం వంచి ఆయనకు అందించింది.

"అప్పుడు సాసర్ల సాబ్ తాగిండు. ఇప్పుడు నువ్వు తాగు. నువ్వు ఇచ్చేటోనివి," అంది.

ఆయన సాసర్ అందుకున్నాడు కానీ తాగలేదు. "ఒక షరతు ఖాలా. కప్పుల మిగిలింది ఈ చెల్లెకు ఇయ్యాలె. అన్నీ కలిపి కిరాయి ఎంతయితే గంత రాయి. కని గీమె ఉన్నన్ని దినాలు అది పెరగొద్దు. కొత్త డబ్బా గూడ రావొద్దు."

ఖాలా నా వైపు చూసింది, అలమరలోని డబ్బాల వైపు చూసింది. తర్వాత నవ్వింది. ఆమెకు ముందు పళ్లు రెండు లేవని ఆ రోజే గమనించాను, అంతగా నవ్వడం నేనెప్పుడూ చూడలేదు.

"మా సాబ్ కంటె గట్టిగ బేరం జేస్తున్నవు," అని కప్పు నా చేతిలో పెట్టింది.

ఆ చాయ్‌లో ఆమె కంగారులో చక్కెర వెయ్యడం మరిచిపోయింది. నేనూ ఆయనా చుక్క మిగల్చకుండా తాగాం. ఖాలా కాగితం తీసుకుని తన చేత్తో ఉర్దూలో రాసింది, పక్కన తెలుగులో ఆయన రాశాడు. ఇల్లు, నీళ్లు, మెట్లు, గేటు, మిద్దె అంతా కలిపి నెల కిరాయి ఎనిమిది వేల అయిదు వందలు.

శనివారం ఆ కాగితాన్ని అధికారి బల్ల మీద పెట్టాను. ఆయన రెండు వైపులా చదివి, మళ్లీ ఫోన్ తీశాడు. ఈసారి అందరికీ వినబడేలా పెట్టమని నేనే అడిగాను. పక్క టేబుల్ కీబోర్డు మళ్లీ ఆగింది, ఆగనీ అనుకున్నాను.

"అమ్మా, నమస్కారమండి. మీ ఇంటి అద్దె ఇప్పుడు ఎంతండి?"

"ఎనిమిదిన్నర వేలు," అంది ఖాలా గొంతు, గల్లీ అంతా వినబడేలా.

"మొన్న రెండున్నర వేలన్నారు కదండీ, ఒక్క పైసా పెంచలేదని. మరి ఇప్పుడు పెంచారా?"

"పెంచలె బేటా," అంది ఖాలా. "కలిపిన."

ఆయన ఫోన్ పెట్టేసి, ఒక్కసారి చిన్నగా నవ్వి, కాగితం మీద సంతకం చేశాడు. "ఎనిమిది వేలూ వస్తాయి మేడమ్. మొన్న ఇబ్బంది పెట్టినందుకు ఏమీ అనుకోకండి," అన్నాడు. నేను కుర్చీ వెనక్కి జరిపి లేచాను. ఆ గదిలోంచి బయటికి వచ్చే పది అడుగులూ నేను నేల మీద నడవలేదు. కిసుక్కుమన్న పిల్ల దగ్గర ఒక్క నిమిషం ఆగి, "మా ఇంటికి మెట్లున్నయమ్మా, ఎప్పుడన్న రా," అని చెప్పి మరీ వచ్చాను. కోపం ఉంచుకుంటే నాకు అరగదు.

ఆదివారం పొద్దున మా అన్న ఫోన్ చేశాడు. "ట్రాలీ ఆటో పంపుతున్న చెల్లె. హాల్ ఖాళీ జేసి పెట్టినం."

"ఆటో వద్దని చెప్పన్నా," అన్నాను. "ఇగ మీ ఇంటికి వస్తే చుట్టం లెక్క వస్త. వదిన వండింది తిని, పొద్దుమూకకముందే మా ఇంటికి పోత."

మా ఇల్లు అన్నాను, కిరాయిదన్న మాట గుర్తే రాలేదు. "గట్లనే రా," అన్నాడు అన్న. ఆయన గొంతులో కూడా సంతోషమే వినబడింది. నా కూతురు అట్టపెట్టెలోంచి పుస్తకాలు తీసి గూట్లో పెడుతోంది. పెన్సిళ్లు వేసుకోమని ఖాలా పొద్దున ఇచ్చిన గేటు పైసల డబ్బా దాని పక్కనే ఉంది. ఆఖరి పుస్తకం పెట్టేసి లేచింది. నేను ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని అలాగే చూస్తున్నాను. అది నా వైపు చూడలేదు. నేరుగా వెళ్లి ఫ్రిజ్ తలుపు తీసింది.